పైథాన్: నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపకుండా సెట్టింగులు మార్చడం ఎలా? థ్రెడ్లతో కుదురుతుందా?

చెరువుగట్టు | భీమిలి | రాత్రి 8:50

అందరికీ నమస్కారం. భీమిలి అవతల మా బాబాయి వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి. ఒక చెరువుకి రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు, కింద ఒట్టి "పై" అన్నా ఇదే) మీద పైథాన్ ప్రోగ్రామ్ రాసి పెట్టాను. నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్) కొలిచే ప్రోబ్ ఉంటుంది, ప్రతి 10 సెకన్లకీ రీడింగ్ తీసుకుంటుంది, గత అరగంట సగటు కూడా కట్టుకుంటూ పోతుంది. డీవో 4 కంటే దిగితే రిలే (ప్రోగ్రామ్‌తో నడిచే స్విచ్) వేసి ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే మోటారు యంత్రం) ఆన్ చేస్తుంది, 5 దాటాక ఆపేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు ఆ 4, 5 అంకెల్ని మధ్యమధ్యలో మార్చాల్సి వస్తోంది. పగలంతా మబ్బు పట్టిందంటే ఆ రోజు చెరువులో ఆక్సిజన్ తక్కువే తయారవుతుంది, తెల్లవారుజాముకి డీవో బాగా పడిపోతుంది. అలాంటప్పుడు బాబాయి ఫోన్ చేసి "ఈ రాత్రికి కాస్త ముందే తిప్పరా" అంటారు. నేను ప్రోగ్రామ్ ఆపి, ఫైల్లో అంకె మార్చి, మళ్లీ నడుపుతున్నాను. ఆపగానే రిలే పడిపోతుంది, మోటారు ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంది, అరగంట సగటు మొత్తం పోతుంది.

ప్రోగ్రామ్ నడుస్తుండగానే కీబోర్డ్ మీద విలువ కొట్టి మార్చాలన్నది నా ఆలోచన. కానీ లూప్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ పెడితే నేను ఎంటర్ కొట్టేదాకా అక్కడే నిలబడిపోతుంది, రీడింగులే ఉండవు. థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) వాడాలని చదివాను గానీ ఎటునుంచి మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఏయూ ఎంసీఏ | మద్దిలపాలెం | రాత్రి 9:02

బ్రో, సింపుల్. రెండు విలువల్నీ గ్లోబల్ వేరియబుల్స్‌గా (ప్రోగ్రామ్ అంతటికీ కనిపించేలా) పెట్టు. ఇన్‌పుట్ తీసుకునే ఫంక్షన్ వేరే రాసి, థ్రెడింగ్ మాడ్యూల్‌లో ఒక థ్రెడ్‌కి టార్గెట్‌గా ఇచ్చి, డీమన్ ట్రూ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఈ థ్రెడ్ కోసం ఆగదు) అని పెట్టి స్టార్ట్ చేసెయ్. నీ పాత లూప్ ఉన్నది ఉన్నట్టు మెయిన్‌లో (ప్రోగ్రామ్ మొదలైన అసలు థ్రెడ్‌లో) తిరుగుతుంది. నువ్వు కొట్టిన అంకె గ్లోబల్‌లో పడుతుంది, లూప్ తర్వాతి చుట్టులో చదువుకుంటుంది. మా ప్రాజెక్టులో అలాగే చేశాం, పనిచేసింది.

రుషికొండ డెవ్ | మధురవాడ | రాత్రి 9:20

పైన చెప్పింది మొదటి అడుగుగా సరైనదే. అసలు ఎందుకు పనిచేస్తుందో కూడా తెలిస్తే ముందుకెళ్లడం తేలిక, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా.

మీ ప్రోగ్రామ్‌లో ఎదురుచూపులు రెండున్నాయి. ఒకటి టైమ్ కోసం, అంటే ఆ 10 సెకన్లు. రెండోది మనిషి కోసం, అంటే మీరు ఎంటర్ కొట్టడం. ఒకే వరుసలో నడిచే కోడ్ ఒకేసారి రెండింటి కోసం ఎదురుచూడలేదు, అందుకే రెండు థ్రెడ్లు. పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం ఉంది, ఒక సమయంలో ఒక థ్రెడ్డే పైథాన్ కోడ్‌ని నడపగలదు, మరి రెండు థ్రెడ్లు పెట్టి లాభమేంటి అని చాలామంది అడుగుతారు. ఇన్‌పుట్ కోసం ఆగినప్పుడు గానీ, స్లీప్‌లో ఉన్నప్పుడు గానీ ఆ థ్రెడ్ తాళం వదిలేస్తుంది. మీ రెండు థ్రెడ్లూ 99 శాతం సమయం ఎదురుచూడటమే చేస్తాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డే రావు. భారీ లెక్కలు చేసే పని అయితే కథ వేరు, మీకు ఆ బాధ లేదు.

కోడ్ మొత్తం ఇక్కడ పెట్టడం లేదు. పెడితే కాపీ చేసుకోవడం అయిపోతుంది, రేపు ఏదైనా తేడా వస్తే ఎక్కడ చూడాలో తెలియదు. మాటల్లోనే చెప్తాను, రాసి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ అడగండి.

సాగర్‌నగర్ బిట్ | సాగర్‌నగర్ | రాత్రి 9:41

టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్ వాడుతున్నారా? వాడుతుంటే ముందు అది తీసేయండి.

స్లీప్‌లో ఉన్న థ్రెడ్‌ని ఇంకో థ్రెడ్ లేపలేదు. 10 సెకన్లకైతే పెద్దగా తెలియదు గానీ, రేపు రీడింగ్ 5 నిమిషాలకొకసారి చాలు అనుకుని 300 పెట్టారనుకోండి, మీరు మార్చిన విలువ 5 నిమిషాల తర్వాత గానీ అమల్లోకి రాదు. ప్రోగ్రామ్ ఆపమని చెప్పినా అంతసేపూ ఆగదు. స్లీప్ బదులు థ్రెడింగ్‌లోనే ఉన్న ఈవెంట్ తీసుకోండి. దాని వెయిట్‌కి 10 ఇస్తే 10 సెకన్లు ఆగుతుంది, మధ్యలో ఎవరైనా సెట్ అంటే వెంటనే లేస్తుంది. లేపితే ట్రూ, టైమ్ అయిపోయి లేస్తే ఫాల్స్ తిరిగిస్తుంది. కాబట్టి "ఆపు" అనే ఈవెంట్ ఒకటి పెట్టుకుని వైల్ షరతులోనే దాని వెయిట్ రాసేస్తే ఎదురుచూడటం, ఆగడం రెండూ ఒకే లైన్లో అయిపోతాయి.

చెరువుగట్టు | రాత్రి 10:15

రెండూ పెట్టాను, పనిచేస్తోంది! చాలా థాంక్స్ అన్నా, మేడం. ఇప్పుడు "ఆన్ 4.5" అని కొడితే వెంటనే మారుతోంది.

ఒక ఇబ్బంది ఉంది. నేను టైప్ చేస్తుంటే మధ్యలో రీడింగ్ లైన్ వచ్చి పడుతోంది. "ఆన్ 4" దాకా కొట్టానో లేదో దాని పక్కనే "డీవో 5.21 సగటు 5.30" అని వచ్చేస్తుంది, ఆ తర్వాత నేను కొట్టే ".5" ఇంకో లైన్లో పడుతుంది. ఎంటర్ కొడితే విలువ సరిగ్గానే వెళ్తోంది గానీ కంటికి అస్సలు తెలియట్లేదు, ఏం కొట్టానో అని ప్రతిసారీ టెన్షన్.

ఏయూ ఎంసీఏ | రాత్రి 10:22

ప్రింట్ తీసేసి లాగింగ్ మాడ్యూల్‌తో ఫైల్లోకి రాయించు బ్రో. ఇంకో టెర్మినల్ తెరిచి ఆ ఫైల్‌ని టెయిల్‌లో (ఫైల్లో కొత్త లైన్లు పడుతుంటే చూపించే కమాండ్) పెట్టుకుంటే రీడింగులు అక్కడ పోతుంటాయి, కమాండ్లు ఇక్కడ. లాగింగ్‌కి ఎన్ని థ్రెడ్లు రాసినా లైన్లు కలిసిపోవు, లోపల లాక్ వాడుతుంది. ప్రింట్‌కి ఆ హామీ లేదు, రెండు థ్రెడ్లు ఒకేసారి ప్రింట్ చేస్తే రెండు లైన్లు అతుక్కుని, కింద ఖాళీ లైన్ వస్తుంటుంది.

రుషికొండ డెవ్ | రాత్రి 10:30

అవును. రెండూ ఒకే తెరమీద కావాలంటే ప్రాంప్ట్ టూల్‌కిట్ అనే లైబ్రరీ ఉంది, అందులో ప్యాచ్ ఎస్టీడీఅవుట్ అనేది వాడితే ప్రింట్ అయ్యేవన్నీ మీరు టైప్ చేసే లైన్‌కి పైన పడతాయి, మీ లైన్ కదలదు. కానీ చెరువుగట్టు మీద నడిచే ప్రోగ్రామ్‌కి లాగ్ ఫైల్ ఎలాగూ ఉండాలి, ముందు అదే చేయండి.

కమాండ్లు పెరుగుతాయి అనిపిస్తే పైథాన్‌తో పాటే వచ్చే సీఎండీ మాడ్యూల్ చూడండి. డూ అండర్‌స్కోర్ అని మొదలయ్యే మెథడ్ రాస్తే అదే ఒక కమాండ్ అవుతుంది, హెల్ప్ దానంతట అదే వస్తుంది, ట్యాబ్ కొడితే పేరు పూర్తవుతుంది. ఇఫ్, ఎలిఫ్‌లు కొండంత పేర్చుకునే బాధ తప్పుతుంది. ఎందుకో దీన్ని ఎవరూ వాడరు, నాకు మాత్రం చాలా ఇష్టమైన మాడ్యూల్.

సాగర్‌నగర్ బిట్ | రాత్రి 10:48

పనిచేస్తోంది అన్నారు కాబట్టి ఇప్పుడు అసలు విషయం. "ఆన్ 4.5" అని ఒకటి, "ఆఫ్ 5.5" అని ఇంకొకటి, రెండు వేర్వేరు కమాండ్లుగా మారుస్తున్నారా?

చెరువుగట్టు | రాత్రి 10:52

అవును మేడం. అందులో తప్పేమైనా ఉందా?

సాగర్‌నగర్ బిట్ | రాత్రి 11:10

ఉంది. ఇప్పుడు ఆన్ 4, ఆఫ్ 5 ఉన్నాయి కదా. మబ్బు రోజు మీరు వాటిని 5.5, 6.5 చేయాలనుకున్నారు. ముందు ఆన్ 5.5 కొట్టారు. ఆఫ్ ఇంకా 5 మీదే ఉంది. ఆ క్షణంలో నీళ్లలో డీవో 5.2 ఉందనుకోండి. 5.5 కంటే తక్కువ కాబట్టి ఏరియేటర్ ఆన్. తర్వాతి చుట్టులో 5 కంటే ఎక్కువ కాబట్టి ఆఫ్. ఆ తర్వాత మళ్లీ ఆన్. మీరు రెండో కమాండ్ కొట్టేదాకా మోటారు 10 సెకన్లు తిరుగుతూ, 10 సెకన్లు ఆగుతూ ఉంటుంది. మధ్యలో ఫోన్ వచ్చి మీరు అటు వెళ్లిపోతే అంతే సంగతులు.

ఒకదానితో ఒకటి ముడిపడిన విలువల్ని విడివిడిగా మార్చకూడదు. "హద్దులు 5.5 6.5" అని ఒకే కమాండ్ పెట్టండి. ఆన్ ఆఫ్ కంటే తక్కువ ఉందో లేదో అక్కడే చూడండి, లేకపోతే తిప్పికొట్టండి.

కోడ్ లోపల కూడా ఇదే సూత్రం. రెండు గ్లోబల్స్‌ని రెండు లైన్లలో మారిస్తే, మొదటి లైన్ అయ్యాక రెండో లైన్ ముందు థ్రెడ్ మారిపోవచ్చు. జీఐఎల్ పోటీ ఉన్నప్పుడు 5 మిల్లీసెకన్లకొకసారి థ్రెడ్ మారే అవకాశం ఇస్తుంది, అది మీ రెండు లైన్ల మధ్యలో పడకూడదని రూలేమీ లేదు. కాబట్టి సెట్టింగులన్నీ ఒక డేటాక్లాస్‌లో (విలువల్ని ఒకచోట ఉంచే క్లాస్) పెట్టండి, ఫ్రోజెన్ (ఆ తర్వాత మారనిది) చేయండి. మార్చాలంటే ఉన్నదాన్ని ముట్టుకోకుండా రీప్లేస్ ఫంక్షన్‌తో కొత్తది తయారుచేసి, అది పూర్తయ్యాక పాత పేరుకి కొత్త ఆబ్జెక్టుని తగిలించండి. ఆ తగిలించడం ఒకే అడుగు. అవతలి థ్రెడ్‌కి అయితే పాతది మొత్తం కనిపిస్తుంది, లేదా కొత్తది మొత్తం కనిపిస్తుంది, సగం సగం ఎప్పుడూ కనిపించదు. డేటాక్లాస్‌లు 3.7 నుంచి ఉన్నాయి, మీ పై మీద తప్పక ఉంటాయి.

ఇంకొకటి మర్చిపోకండి. పని చేసే లూప్ ప్రతి చుట్టు మొదట్లో ఆ ఆబ్జెక్టుని ఒక లోకల్ పేరులోకి తీసుకుని, ఆ చుట్టు అంతా దాన్నే వాడాలి. చుట్టు మధ్యలో మళ్లీ గ్లోబల్‌ని చదివితే ఇంత చేసీ లాభం లేదు.

ఏయూ ఎంసీఏ | రాత్రి 11:18

కానీ మేడం, జీఐఎల్ ఉంది కదా, పైథాన్‌లో వేరియబుల్స్ థ్రెడ్ సేఫ్ అని మాకు చెప్పారు. లాకులూ ఇవన్నీ సీ, జావాలకి కదా?

రుషికొండ డెవ్ | రాత్రి 11:35

అది సగం నిజం తమ్ముడూ. జీఐఎల్ కాపాడేది ఇంటర్‌ప్రెటర్ లోపలి లెక్కల్ని. మీ ప్రోగ్రామ్‌లో ఏ రెండు విలువలు కలిసి మారాలో దానికి తెలియదు. ఒక కౌంటర్‌కి 1 కలపడమే తీసుకోండి. చూడటానికి ఒక లైను, లోపల విలువ చదవడం, కలపడం, తిరిగి రాయడం అని మూడు పనులు. ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ రాస్తే దాని మార్పు పోతుంది.

పైగా జీఐఎల్ ఎల్లకాలం ఉంటుందని అనుకోకండి. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో జీఐఎల్ లేని బిల్డ్‌ని ప్రయోగాత్మకంగా ఇచ్చారు, 3.14లో దానికి అధికారికంగా మద్దతు వచ్చింది. మామూలుగా డౌన్‌లోడ్ చేసుకునేదాంట్లో జీఐఎల్ ఇంకా ఉంది. కానీ "జీఐఎల్ చూసుకుంటుందిలే" అని రాసిన కోడ్ రేపు ఎవరి చేతిలో ఎలా నడుస్తుందో చెప్పలేం. లాక్ అవసరమైన చోట లాక్ పెట్టాల్సిందే.

ఈ పనికి మాత్రం నా ఓటు లాక్‌కీ కాదు, ఆబ్జెక్టు మార్పిడికీ కాదు. క్యూకి. ఇన్‌పుట్ థ్రెడ్ ఏ విలువనీ తన చేత్తో మార్చకూడదు. ఏం మార్చాలో చీటీ రాసి క్యూలో వేస్తుంది, అంతే. పని చేసే థ్రెడ్ తనకి వీలైన చోట ఆ చీటీ తీసి చదువుకుని తన సెట్టింగుల్ని తానే మార్చుకుంటుంది. సెట్టింగుల్ని ముట్టుకునేది ఒకే థ్రెడ్ అయినప్పుడు గొడవే లేదు. క్యూ మాడ్యూల్‌లోని క్యూ థ్రెడ్ల కోసమే రాసింది, లాకులన్నీ లోపలే ఉంటాయి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. క్యూ గెట్‌కి టైమౌట్ 10 ఇవ్వండి. 10 సెకన్లలో ఏ చీటీ రాకపోతే ఎంప్టీ అనే ఎక్సెప్షన్ (పైథాన్ విసిరే తప్పు కబురు) వస్తుంది, అంటే రీడింగ్ తీసుకునే టైమ్ అయిందన్నమాట. చీటీ వస్తే ఆ క్షణమే లేస్తుంది. స్లీపూ అక్కర్లేదు, ఈవెంటూ అక్కర్లేదు, ఎదురుచూడటం కబురందడం ఒకే చోట.

సాగర్‌నగర్ బిట్ | రాత్రి 11:47

క్యూ మంచిదే, కాదనను. అయితే ఆ టైమౌట్ దగ్గర జాగ్రత్త. 8వ సెకనులో చీటీ వచ్చి, దాని పని చూసి మళ్లీ గెట్ 10 అంటే తర్వాతి రీడింగ్ 18వ సెకనుకి పోతుంది. ఎవరైనా వరసగా కమాండ్లు కొడుతూ కూర్చుంటే రీడింగే ఉండదు. తర్వాతి రీడింగ్ ఎప్పుడన్నది ముందే రాసి పెట్టుకుని, ఇంకా ఎంత మిగిలిందో లెక్కేసి ఆ మిగిలినదాన్నే టైమౌట్‌గా ఇవ్వాలి. ఆ లెక్కకి టైమ్ డాట్ టైమ్ వద్దు, మోనోటోనిక్ వాడండి. రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్ వరకూ బోర్డు మీద గడియారం చిప్ లేదు, కరెంటు పోయి వచ్చాక నెట్ దొరగ్గానే టైమ్ ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మోనోటోనిక్ దూకదు.

విలువలు మార్చడం ఒక్కటే అయితే ఆబ్జెక్టు మార్పిడి చాలు అని ఇప్పటికీ అంటాను, చదవడానికి తేలిక. "ఇప్పుడే 10 నిమిషాలు తిప్పు", "సగటు తుడిచెయ్" లాంటి పనులు చెప్పాలంటే మాత్రం క్యూ తప్పదు, ఎందుకంటే అవి విలువలు కావు, ఆజ్ఞలు. వాటికి వరస ముఖ్యం, ఒక్కటి కూడా తప్పిపోకూడదు.

చెరువుగట్టు | ఉదయం 6:35

బాబాయికి ఆ "ఇప్పుడే తిప్పు" కమాండ్ కూడా కావాలి. అయితే క్యూతోనే వెళ్తాను. రాత్రి కూర్చుని రాశాను, బాగుంది. "హద్దులు 5.5 6.5" అని కొడితే "4, 5 నుంచి 5.5, 6.5కి మారింది" అని లాగ్‌లో పడేలా చేశాను, ఎవరు ఎప్పుడు మార్చారో తర్వాత చూసుకోవచ్చు.

ఉక్కునగరం ఎలక్ట్రికల్ | గాజువాక | ఉదయం 7:10

బాబూ, నాకు పైథాన్ కొద్దిగానే తెలుసు గానీ మోటార్లతోనే ఉద్యోగమంతా గడిచింది. మీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మేడం గారు చెప్పిన ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డైరెక్ట్ ఆన్ లైన్ (నేరుగా పూర్తి వోల్టేజీతో) స్టార్ట్ అయ్యే మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. 20 సెకన్లకొకసారి అలా లేస్తే వైండింగ్ వేడెక్కుతుంది, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) పాయింట్లు కాలి అతుక్కుపోతాయి. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయితే అదృష్టమే, కానీ ట్రిప్ అయ్యాక తెల్లవారుజామున చెరువు దగ్గర రీసెట్ నొక్కేవాళ్లు ఎవరు? అందుకని ఒకసారి ఆగాక కనీసం కొన్ని నిమిషాలు మళ్లీ లేవకూడదనే నిబంధన ప్రోగ్రామ్‌లోనే పెట్టండి, దాన్ని కీబోర్డ్ నుంచి మార్చే వీలు ఇవ్వకండి. కొన్ని సెట్టింగులు నడుస్తుండగా మారకూడనివే.

ఇంకోటి ఏటంటే, ఆ చిన్న రిలే బోర్డుతో మోటారుని నేరుగా నడపకండి, కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపండి. రిలేలో నార్మల్లీ క్లోజ్‌డ్ (రిలే పడి ఉన్నప్పుడు కలిసి ఉండే) కాంటాక్ట్ వాడి వైరింగ్ చేయించండి. అప్పుడు మీ పై చచ్చిపోయినా, ప్రోగ్రామ్ ఆగినా, రిలే పడిపోయినా ఏరియేటర్ తిరుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు కాస్త ఎక్కువొస్తుంది, రొయ్యలు బతుకుతాయి. మన వైపు ఉప్పు గాలికి బోర్డులు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

చెరువుగట్టు | ఉదయం 7:25

చాలా మంచి మాట చెప్పారు సార్. నార్మల్లీ క్లోజ్‌డ్ సంగతి నాకు అస్సలు తట్టలేదు. ఇవాళే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను. మార్చకూడని సెట్టింగులు అన్నది కూడా రాసుకున్నాను.

రుషికొండ డెవ్ | ఉదయం 9:15

సార్ చెప్పినదానికి సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒకటి కలుపుతాను, ఇది చాలా ప్రమాదకరమైన చోటు.

పైథాన్‌లో మెయిన్ కాని ఒక థ్రెడ్‌లో ఎక్సెప్షన్ వస్తే ఆ థ్రెడ్ ఒక్కటే చస్తుంది, మిగతా ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. రేపు మీ పని లూప్‌ని వేరే థ్రెడ్‌లో పెట్టాక ప్రోబ్ కేబుల్ ఊడి రీడింగ్ ఫంక్షన్ ఎక్సెప్షన్ విసిరిందనుకోండి. పని చేసే థ్రెడ్ పోయింది. కానీ ఇన్‌పుట్ థ్రెడ్ బతికే ఉంది. మీరు "హద్దులు 5 6" అంటే "సరే, పంపాను" అంటుంది, చీటీ క్యూలో పడుతుంది, తీసేవాళ్లు లేరు. తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, చెరువుని చూసే దిక్కు ఉండదు.

కాబట్టి రీడింగ్ తీసుకునే చోట ట్రై ఎక్సెప్ట్ పెట్టి, తప్పు వస్తే లాగ్ చేసి, ఏరియేటర్ ఆన్ చేసి, లూప్ కొనసాగించాలి. రీడింగ్ లేదంటే డీవో తక్కువ ఉన్నట్టే లెక్క. "స్థితి" అనే కమాండ్ పెట్టి, చివరి రీడింగ్ ఎన్ని సెకన్ల క్రితం వచ్చిందో చూపించండి. కమాండ్‌కి జవాబు కూడా ఇన్‌పుట్ థ్రెడ్ కాకుండా పని చేసే థ్రెడ్డే ఇవ్వాలి, అప్పుడే "సరే" అన్న మాటకి విలువ. 3.8 నుంచి థ్రెడింగ్‌లో ఎక్సెప్ట్‌హుక్ ఉంది, మెయిన్ కాని ఏ థ్రెడ్ ఎక్సెప్షన్‌తో చచ్చినా అక్కడికి కబురొస్తుంది, దాన్ని లాగ్‌కి కలపండి.

సాగర్‌నగర్ బిట్ | ఉదయం 9:40

విలువని ఎలా చదువుతున్నారు? ఎవాల్ వాడితే వెంటనే తీసేయండి, ప్రాంప్ట్ దగ్గర ఎవరు ఏ పైథాన్ కోడ్ కొట్టినా నడిచిపోతుంది. కొట్టినదాన్ని సంఖ్యగా మార్చే ఫ్లోట్ చాలు. కానీ ఫ్లోట్‌కి కూడా ఒక గుణం ఉంది. "నాన్" అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట కొడితే దాన్ని సంఖ్యగానే ఒప్పుకుంటుంది. ఆ విలువ దేనికంటే తక్కువా, ఎక్కువా అని అడిగినా జవాబు ఫాల్సే. "0 కంటే తక్కువ అయినా, 15 కంటే ఎక్కువ అయినా తిప్పికొట్టు" అని తనిఖీ రాస్తే రెండూ ఫాల్స్ అయి అది దర్జాగా లోపలికొస్తుంది. ఇక డీవో ఎంత పడినా "హద్దు కంటే తక్కువ" అన్నది ఎప్పటికీ నిజం కాదు, ఏరియేటర్ లేవదు. మ్యాథ్ మాడ్యూల్‌లో ఈజ్‌ఫైనైట్‌తో ముందే పట్టుకోండి. లేదా తనిఖీని తిరగేసి "0కీ 15కీ మధ్య ఉంటేనే తీసుకో" అని రాయండి, అప్పుడు అదే ఆగిపోతుంది. సెన్సర్ నుంచి వచ్చే రీడింగ్‌కి కూడా ఈ తనిఖీ ఉండాలి.

చెరువుగట్టు | మధ్యాహ్నం 1:30

ఎవాల్ లేదు మేడం, ఫ్లోటే. తనిఖీ తిరగేసి రాశాను.

ఇప్పుడు ఇంకో చిక్కు. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తానే స్టార్ట్ అవ్వాలని సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లని వెనకాల నడిపేది) సర్వీస్‌గా పెట్టాను. చేత్తో నడిపితే బాగుంది, సర్వీస్‌గా పెడితే స్టార్ట్ అయిన వెంటనే ఈవోఎఫ్ ఎర్రర్ ఇచ్చి ఇన్‌పుట్ థ్రెడ్ ఆగిపోతోంది.

రుషికొండ డెవ్ | మధ్యాహ్నం 2:05

సర్వీస్‌కి కీబోర్డ్ ఉండదు. దాని ఇన్‌పుట్ ఖాళీ పరికరానికి కలిపి ఉంటుంది, ఇన్‌పుట్ ఫంక్షన్ చదవబోతే "ఇక ఏమీ లేదు" అని వెంటనే జవాబొస్తుంది, అదే ఈవోఎఫ్ ఎర్రర్. దాన్ని పట్టుకుని "కీబోర్డ్ లేదు కాబట్టి కమాండ్లు లేవు" అనుకుని పనిని కొనసాగించాలి.

ఈ సందర్భంలో ఏది మెయిన్ థ్రెడ్ అన్నది కూడా తేల్చుకుందాం. ఇప్పుడు మీ పని మెయిన్‌లో, ఇన్‌పుట్ డీమన్‌లో ఉంది. నేనైతే తిరగేస్తాను. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు డీమన్ థ్రెడ్లని ఉన్నచోట ఉన్నట్టే వదిలేస్తారు, ఫైనల్లీలో రాసినది నడుస్తుందని నమ్మకం లేదు. ఎస్టీడీఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్ వచ్చే దారి) నుంచి నేరుగా చదువుతూ ఆగిన డీమన్ ఉంటే ముగింపులో ఫేటల్ ఎర్రర్ కూడా రావచ్చు. రిలేని నడిపే థ్రెడ్ మామూలు థ్రెడ్‌గా ఉండాలి. ఇన్‌పుట్ మెయిన్‌లో ఉండాలి. కంట్రోల్ సీ ఎలాగూ మెయిన్ థ్రెడ్‌కే వస్తుంది, అక్కడ పట్టుకుని "ఆపు" అని క్యూలో వేసి, పని థ్రెడ్‌ని జాయిన్ చేసి (అది ముగిసేదాకా ఆగి) పద్ధతిగా బయటికి రండి.

సర్వీస్‌ని ఆపమన్నప్పుడు సిస్టమ్‌డీ పంపేది సిగ్‌టర్మ్. పైథాన్ దానికి ప్రత్యేకంగా ఏమీ చేయదు, ప్రోగ్రామ్ అక్కడికక్కడే పోతుంది. సిగ్నల్ మాడ్యూల్‌తో హ్యాండ్లర్ పెట్టి అదే "ఆపు" దారికి మళ్లించండి. హ్యాండ్లర్‌ని మెయిన్ థ్రెడ్ నుంచే పెట్టగలరు, ఇంకో థ్రెడ్‌లో పెడితే వాల్యూ ఎర్రర్ వస్తుంది.

ఏయూ ఎంసీఏ | మధ్యాహ్నం 2:20

అన్నా, దీన్ని థ్రెడ్లు కాకుండా మల్టీప్రాసెసింగ్‌తో చేస్తే ఇంకా గట్టిగా ఉండదా? ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

రుషికొండ డెవ్ | మధ్యాహ్నం 2:26

ప్రాసెస్‌లకి మెమరీ వేరు. ఇక్కడ సెట్టింగ్ మారిస్తే అక్కడ తెలియదు, మళ్లీ మల్టీప్రాసెసింగ్ క్యూ పెట్టాల్సిందే. ఈ పనికి అంత అక్కర్లేదు.

సాగర్‌నగర్ బిట్ | మధ్యాహ్నం 3:00

సర్వీస్ అయ్యాక కీబోర్డ్ పోయింది కాబట్టి కమాండ్లు రావడానికి ఇంకో దారి కావాలి. మీరు ఇంటి నుంచి మార్చాలన్నా ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే సర్వర్ ద్వారా, టాపిక్ అనే పేరు మీద మెసేజ్‌లు అందించే పద్ధతి) సరిపోతుంది. పాహో లైబ్రరీలో లూప్ స్టార్ట్ అంటే నెట్‌వర్క్ పని కోసం తనే ఒక థ్రెడ్ పెట్టుకుంటుంది, మెసేజ్ వస్తే మీ ఫంక్షన్‌ని ఆ థ్రెడ్‌లోనే పిలుస్తుంది. అక్కడ మీరు చేయాల్సింది ఒక్కటే, చీటీ క్యూలో వేయడం. నిన్న రాత్రి క్యూ పెట్టుకున్నందుకు ఇప్పుడు లాభం కనిపిస్తుంది. పని థ్రెడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, చీటీ కీబోర్డ్ నుంచి వచ్చిందా ఫోన్ నుంచి వచ్చిందా దానికి అనవసరం. బ్రోకర్‌కి పాస్‌వర్డ్, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రక్షణ) తప్పకుండా పెట్టండి. పై మీద పోర్టు తెరిచి ఇంటర్నెట్‌కి వదలకండి.

మారిన సెట్టింగుల్ని ఫైల్లో కూడా దాచుకోండి, కరెంటు పోయి వస్తే మళ్లీ 4, 5కి వెళ్లిపోకుండా. నేరుగా ఆ ఫైల్ మీదే రాయకండి, రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైల్ మిగులుతుంది. పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి (రాసినది నిజంగా డిస్కులోకి చేరేలా), ఓఎస్ రీప్లేస్‌తో పేరు మార్చండి.

చెరువుగట్టు | రాత్రి 9:05

సర్వీస్ నడుస్తోంది. ఇన్‌పుట్ మెయిన్‌లోకి మార్చాను, సిగ్‌టర్మ్ పెట్టాను, ఫైల్ కూడా. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగ్ మార్చాడు. పై ప్లగ్ పీకేసి చూశాం, ఏరియేటర్ తిరుగుతూనే ఉంది, బాబాయి చాలా సంతోషించారు. ఫోన్ నుంచి ఎంక్యూటీటీలో పంపితే కూడా మారుతోంది.

ఒక్క సందేహం మిగిలింది. పై ఆఫ్‌లో ఉన్నప్పుడు పంపిన మార్పు పోకూడదని మెసేజ్‌కి రిటెయిన్ పెట్టాను. సాయంత్రం ఫోన్ నుంచి 5, 6 పంపాను. తర్వాత చెరువు దగ్గర సర్వీస్ ఆపి, చేత్తో నడిపి, కీబోర్డ్ మీద 4.5, 5.5 చేశాను. మధ్యలో నెట్ పోయి వచ్చింది, చూస్తే మళ్లీ 5, 6 అయిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు.

సాగర్‌నగర్ బిట్ | రాత్రి 9:30

రిటెయిన్ చేసిన మెసేజ్‌ని బ్రోకర్ దాచుకుని, ఆ టాపిక్‌కి మళ్లీ సబ్‌స్క్రైబ్ అయిన ప్రతిసారీ ఇస్తుంది. నెట్ వచ్చాక మీ పై మళ్లీ కనెక్ట్ అయి సబ్‌స్క్రైబ్ అయింది, పాత 5, 6ని కొత్త చీటీ అనుకుని క్యూలో వేసింది. ప్రతి మార్పుకీ అది చేసిన సమయాన్ని జతచేయండి, ఫోన్ నుంచైనా కీబోర్డ్ నుంచైనా. ఫైల్లో దాచేటప్పుడు ఆ సమయం కూడా రాయండి. పని థ్రెడ్ చీటీ తీసినప్పుడు తన దగ్గరున్న మార్పు కంటే పాతదైతే పక్కన పడేయాలి. ఇక్కడ మోనోటోనిక్ పనికిరాదు, అది ఏ మెషీన్‌కి ఆ మెషీన్ లెక్క, అసలు గడియారమే కావాలి. అందుకని కరెంటు వచ్చాక పై టైమ్ సింక్ అయిందని తేలేదాకా కీబోర్డ్ మార్పులు తీసుకోకపోవడం మంచిది.

"ఇప్పుడే 10 నిమిషాలు తిప్పు" అనేదానికి మాత్రం రిటెయిన్ తీసేయండి. అది కూడా రిటెయిన్‌లో ఉంటే నెట్ వచ్చిన ప్రతిసారీ మోటారు లేస్తుంది.

చెరువుగట్టు | రాత్రి 9:34

దానికీ రిటెయిన్ పెట్టి ఉంది మేడం. ఇప్పుడే తీసేస్తున్నాను.

సాగర్‌నగర్ బిట్ | రాత్రి 9:36

కోడ్‌లో తీసేస్తే చాలదు, బ్రోకర్ దగ్గర పాతది ఇంకా ఉంటుంది. అదే టాపిక్‌కి ఖాళీ మెసేజ్ ఒకటి రిటెయిన్‌తో పంపండి, అప్పుడు తుడిచేస్తుంది. ఆ ఖాళీ మెసేజ్ మీ రాస్ప్‌బెర్రీ పైకి కూడా చేరుతుంది, ఖాళీగా వస్తే పట్టించుకోవద్దని ముందు మీ ఫంక్షన్‌లో రాసి ఆ తర్వాత పంపండి.